పై వరస

ఆ ఉదయం మదనపల్లె మీద మబ్బు కురవనూ లేదు, విరియనూ లేదు. హార్స్లీ హిల్స్ వైపు నుంచి వచ్చి, వచ్చిన పని మరిచిపోయినట్టు ఊరి మీదే తచ్చాడుతోంది. దాని కింద, కొత్త ఇంటి వాకిట్లో, ఇనుప సామాన్ల అంగడి గోపాలస్వామి కూడా అదే పని చేస్తున్నాడు. మధ్యాహ్నం లగ్నానికి గృహప్రవేశం. ముందు ఆవు లోపలికి పోవాలి, వెనకే దంపతులు పోవాలి, ఆ తర్వాత భోజనాలు. అనుకున్నది అంతే.

ఆయన్ను కాలు నిలవనీయని సంగతి వేరే ఉంది. ఈ మధ్యే పై వరస పళ్ళన్నీ తీయించి కట్టుడు పళ్ళు పెట్టించుకున్నాడు. ఆ మాట భార్య రాజేశ్వరమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. కుప్పం వియ్యంకుడు గోవిందరాజులుకు అసలే తెలియకూడదు. సంబంధం కలుపుకున్న నాడు ఆయన ఎదుటే ఎండువక్కను పటుక్కున కొరికి, "మా వంశంలో కాటికి పోయేదాకా పన్ను కదలదు బావా" అని ఉన్నాడు మరి. ఇప్పుడు ఆ సెట్టు జారకుండా నాలుకతో పైకి ఒత్తిపట్టుకుని తిరుగుతున్నాడు.

పుంగనూరు దగ్గరి పల్లె నుంచి అంజనప్ప తన పొట్టి ఆవు గౌరిని ఆటోలో తెచ్చి దించాడు. నడుమెత్తు లేదు గానీ, అది నిలబడిన తీరు చూస్తే ఇల్లు దానిదే అనిపిస్తుంది. అప్పటికే వచ్చి కూర్చున్న గోవిందరాజులు మీసం దువ్వుకున్నాడు.

"ఆవంటే పండ్లు సూసి తేవాల బావా. సూసినావా?"

చూడలేదంటే పరువు తక్కువ. "మా తాత పుంగనూరు సంతలో దళారి. నాకా సెప్తావు?" అంటూ గోపాలస్వామి ఆవు మూతి పట్టి పైపెదవి ఎత్తాడు. ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు. పైన ముందు పళ్ళు ఒక్కటీ లేవు.

"యామప్పా అంజనప్పా, ముసిల్దాన్ని తోలుకొచ్చినావా? పైన వరసకు వరసే ల్యా!"

అంజనప్ప నవ్వాడు. "ఆవుకు పైన ముందరపండ్లు యాడుంటాయి సామీ? పీక్కొని తినే కుక్కకు కోరలు కావాల. కొరికే ఎలక్కి ఉలి మాదిరి పండ్లు కావాల. ఇది నాలికతో సుట్టి గడ్డి తెంపుతాది, దవడపండ్లతో నములుతాది. పైన గట్టి చిగురే."

"కుక్కకు పెట్టి, ఎలక్కి పెట్టి, గోమాత కాడికి వచ్చేసరికి దేవుడి దగ్గర పండ్లు అయిపోయినాయా?" అన్నాడు గోవిందరాజులు. వాకిలంతా గొల్లుమంది.

ఆ నవ్వుకు అంజనప్ప మొహం మారింది. "నా గౌరికి కింద పాలపండ్లు పోయి నాలుగు పండ్లే వచ్చినాయి. పడుసుది. దాన్ని పదిమందిలో ముసిల్దంటిరి. ఇంక అది మీ గడప తొక్కదు" అని ఆవును గేటు స్తంభానికి కట్టి, దాని పక్కనే గొంతుక్కూర్చున్నాడు. పోదామంటే ఆటో వెళ్ళిపోయింది.

పక్కింటావిడ గోడ మీంచి సగమే విన్నది. "పుంగనూరు ఆవులకు పండ్లు రాలే రోగమంట!" వీధి చివరికి పోయేసరికి ఆ రోగం పాలకు ఎక్కింది. టీ అంగడివాడు పాలు కాలవలో పోశాడు. ఇంటి వెనక వంటవాడు పాయసం గిన్నె దించేసి, "నా వల్ల కాదప్పా" అని చేతులు కట్టుకున్నాడు. రాజేశ్వరమ్మ గరిటె ఎత్తితే గానీ గిన్నె మళ్ళీ పొయ్యి ఎక్కలేదు.

గోవిందరాజులు అప్పటికే కుప్పానికి ఫోన్ చేసి, ఇంకో ఆవును పంపమని అరుస్తున్నాడు. సిగ్నల్ తెగుతూ అతుకుతూ ఉంది. "ఆవప్పా, ఆవు! పండ్లు ముఖ్యం... పైన నిండుగా ఉండాల... ఒకటి కూడా తగ్గకూడదు!"

లగ్నం దగ్గరపడుతుండగా వ్యాను వచ్చింది. లోపల ఆవు ఉంది. క్యాబిన్ పైన తాళ్ళతో బిగించి, మామిడిపండ్ల గంపలు.

"పైన నిండుగా ఏసినాం సార్. ఒకటి కుళ్ళింది లేదు" అన్నాడు డ్రైవరు.

గోవిందరాజులు గంపలను చూడనట్టే వ్యానెక్కి, ఆవు పైపెదవి ఎత్తాడు. దించాడు. మళ్ళీ ఎత్తాడు.

"ఏం బావా?"

"దావలో కుదుపులకు ఊడిపోయినట్టుండాయి."

"ఇంక సాలించండి!" అంది రాజేశ్వరమ్మ. "అంజనప్ప సెప్పిందే నిజం. లగ్నం పోతాండాది." కుప్పం ఆవును దించబోతే, అంత దూరం నిలబడి వచ్చిన అలసటకు అది వ్యానులోనే పడుకుంది. తోక మెలిపెట్టినా లేవలేదు.

గోపాలస్వామి గేటు దగ్గరికి పోయి చేతులు జోడించాడు. అంజనప్ప లేవలేదు.

"దాని నోరు మీరు సూసినారు. మీ నోరు నేను సూస్తా. అప్పుడు సమానం అయితాది. తోలుతా."

"ఎగతాళా అప్పా?"

"దానికి మాత్రం ఎగతాళి కాదా సామీ?"

"అయ్యా, లగ్నం!" అని అయ్యవారు లోపలి నుంచి కేకేశాడు. గోవిందరాజులు అంజనప్ప భుజం మీదుగా వంగి చూస్తున్నాడు. గోపాలస్వామి నాలుకను బలంగా పైకి ఒత్తి, నోరు వేలెడు తెరిచాడు.

"పెదవి ఎత్తాల గదా" అంటూ అంజనప్ప లేచి, పశువులకు అలవాటైన బొటనవేలును పైపెదవి కింద దూర్చాడు. టక్కుమంది. పై వరస మొత్తం అంజనప్ప అరచేతిలోకి వచ్చి కూర్చుంది.

అంజనప్ప దాన్ని చూశాడు, గౌరిని చూశాడు, గోపాలస్వామిని చూశాడు. భుజం మీది తువాలు తీసి, అందులో జాగ్రత్తగా చుట్టి, ఆయన చేతిలో పెట్టాడు.

"సరిపాయ సామీ. ఇద్దరికీ పైన ల్యా. పదండి లోపలికి."

గౌరి ముందు నడిచింది. దాని వెనక గోపాలస్వామి, పెదవులు బిగించుకుని.

భోజనాలకు అందరూ ఒకే పంక్తిలో కూర్చున్నారు, అంజనప్పతో సహా. గోపాలస్వామి తల ఎత్తకుండా పెరుగన్నం పిసికి పిసికి మింగాడు. పక్కన గోవిందరాజులు పాయసం మళ్ళీ పోయించుకున్నాడు, ఆపైన తనూ పెరుగన్నమే పిసకసాగాడు. గోపాలస్వామి ఓరకంట ఆయన ఆకు చూశాడు.

పంక్తి లేచాక చూస్తే, వియ్యంకులిద్దరి ఆకుల్లోనూ కరకరలాడే వడలు వడ్డించినవి వడ్డించినట్టే ఉన్నాయి.