ఉత్తమ పనివాడికి ఉచిత పెసరట్టు

తెనాలి స్టేషను రోడ్డులోని మా బసవేశ్వరరావు గారి కాఫీ హోటలు 1968లో శాస్త్రీయ పద్ధతిలోకి మారిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. పనివాళ్ళ చేత బాగా పని చేయించడం ఎలాగో ఆయన మద్రాసు వెళ్ళి క్లాసులో విని వచ్చారు. జీతం పెంచకుండానే ఉత్సాహం పెంచవచ్చని అక్కడ చెప్పారట. ఈ ముక్క ఆయనకు వెంటనే ఒంటబట్టింది.

ముందుగా సర్వర్లు నవ్వాలని ఉత్తర్వు వెలువడింది. చట్నీ వేస్తూ నవ్వారు, చట్నీ అయిపోయిందని చెబుతూ కూడా నవ్వారు. పొయ్యి దగ్గర నవ్వు రాదన్న వంటమాస్టరుకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. తర్వాత నెలకొక ఉత్తమ పనివాడిని ఎంపిక చేస్తామని ప్రకటించారు. గెలిచినవాడు భార్యతో సహా ముందు హాల్లో ఫ్యాను కింద కూర్చుని కడుపునిండా తినవచ్చు.

నిబంధనల ప్రకారం చూస్తే, దొడ్లో ప్లేట్లు కడిగే ఆదాము నెగ్గాడు. ఒక్క నాగా లేదు, ఒక్క పింగాణీ ప్లేటూ పగలలేదు. ఇలాంటి ప్రమాదం ఉంటుందని మద్రాసులో చెప్పలేదు. ఆదాము ఊరి చివర పల్లె మనిషి. ఏళ్ళ తరబడి పనిచేస్తున్నా హాలు గడప తొక్కి ఎరగడు. తొక్కవద్దని ఎవరూ అనలేదు, అనవలసిన అవసరమూ రాలేదు. మిగిలినవి ఇంటికి పట్టుకెళ్ళేవాడు గనక అతని భార్య కొండమ్మకు పెసరట్టు తెలుసు. వేడి పెసరట్టు మాత్రం తెలియదు. ఆ ఒక్క కోరికతోనే ఆవిడ గంజి పెట్టిన చీర కట్టుకుని వచ్చింది.

హాల్లోనే జరిగిన బహుమతి సభకు ప్లీడరు పూర్ణచంద్రరావు గారు అధ్యక్షత వహించారు.

"సోదరులారా! శ్రమకు కులం లేదు! ఆదాము సరసన కూర్చుని తినడం మనందరికీ గర్వకారణం!"

చేతులు నొప్పి పుట్టేలా చప్పట్లు కొట్టాం. చప్పట్లు ఆగగానే ప్లీడరు గారికి రేపల్లె బండి వేళయిందని గుర్తొచ్చింది. వెంటనే మాకూ గుర్తొచ్చింది. కొందరికి బాపట్లలో పెళ్ళి తగిలింది, కొందరు ఆ పూట ఉపవాసమన్నారు. రేపల్లెలో తెనాలి వాళ్ళకు ఇన్ని పనులున్నాయని అంతవరకు మాకే తెలియదు.

ఆ తర్వాత జరిగింది సర్వరు చెప్పాడు. సభ అయ్యేదాకా దొడ్లోనే ఉన్న కొండమ్మ కుర్చీ అంచున కూర్చుని ఖాళీ హాలంతా చూసిందట.

"ఏంటండీ బాబుగారూ, జనం రావట్లేదాండి? పాపం, మీకు గిట్టుబాటు ఎట్టాగండి?"

బసవేశ్వరరావు గారు ఫ్యాను వంక చూశారు. ఆదాము సగం పెసరట్టు వదిలేసి లేచి, తమ ప్లేట్లు తనే దొడ్లోకి తీసుకెళ్ళి కడిగాడు. కొండమ్మ పెసరట్టు ముట్టుకోనేలేదు. సర్వరు మాత్రం ఉత్తర్వు ప్రకారం నవ్వుతూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున్నే అందరం తిరిగొచ్చాం. హాలు కిటకిటలాడుతోంది, ప్లేట్లు తళతళలాడుతున్నాయి. అంతలో ఆదాము యజమానిని దొడ్లోకి పిలిచి, ఆయన కళ్ళెదుటే ఒక ప్లేటు నేలకేసి కొట్టాడు.

"ఇంక నన్ను గెలిపించకండి బాబుగారూ."

ఆ చప్పుడు మాకు హాల్లోకి వినిపించింది. ఈ పనివాళ్ళకు ఎంత చేసినా ఇంతేనని నిట్టూర్చి, తలా ఇంకో పెసరట్టు చెప్పాం.