కొంగలా, ముళ్లపందులా?

పిల్లల్ని కంప్యూటర్ సైన్స్‌లో చేర్పించాలనుకునే తల్లిదండ్రులకు నాదొక ప్రశ్న. మీ రాష్ట్రంలో ఒకదానికొకటి పడని ప్రభుత్వ యూనివర్సిటీలు రెండున్నాయా? ఉంటే మీరు అదృష్టవంతులు. ఇక సిలబస్ చూడనక్కర్లేదు. పాఠం ఎవరు చెబుతారో కనుక్కోనక్కర్లేదు. అసలు ఆ చదువేమిటో తెలుసుకోనే అక్కర్లేదు. ఏ రంగు చొక్కా వేసుకోవాలో తేల్చుకుంటే పిల్ల ఇంజనీరైపోయినట్టే.

మా రాష్ట్రానికి ఆ అదృష్టం పుష్కలంగా ఉంది. ఉత్తరాన ఉన్న యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు పేరు కొంగలు, రంగు ఊదా. దక్షిణాన ఉన్నదాని జట్టు ముళ్లపందులు, రంగు నారింజ. రెంటికీ మధ్య ఎంత దూరం వెళ్లినా మొక్కజొన్నే. ఆ మొక్కజొన్నలో బతికే మేమంతా పుట్టీ పుట్టగానే ఇటో అటో చేరిపోతాం. మా ఊళ్లో చర్చి మార్చినవాళ్లున్నారు, పార్టీ మార్చినవాళ్లున్నారు, పెళ్లాన్ని మార్చినవాళ్లు కూడా ఉన్నారు. జట్టు మార్చినవాడు మాత్రం నా కంటబడలేదు.

జిల్లా వారపత్రికలో ఈ కాలమ్ రాసే నేను, అంటే వెండెల్, ఏ యూనివర్సిటీలోనూ చదవలేదు. కాబట్టి నాకు ఏ పక్షమూ లేదు. మా వైపు పక్షం లేనివాణ్ని ఇంటికి భోజనానికి పిలుస్తారు గానీ, మాట్లాడనివ్వరు.

నా చెల్లెలు కరోల్ కొంగల దగ్గర చదువుకుంది. ఆమె భర్త డ్వేన్ ముళ్లపంది. వాళ్ల పెళ్లి కేకు ఒక సగం ఊదా, ఒక సగం నారింజ. కోసే కత్తి విషయంలో జరిగిన గొడవ ఇక్కడ రాయను. డ్వేన్ పాల ట్యాంకర్ నడుపుతాడు. దాని తలుపులకి నారింజ చారలు వేయించుకున్నాడు. ఇంతటి భక్తుడు ఆ యూనివర్సిటీలో ఎన్నేళ్లు చదివాడని అడుగుతారేమో. ఒక్క రోజు కూడా చదవలేదు. క్లాసులో కూర్చుంటే భక్తి పలచబడిపోతుందని భయం కాబోలు.

వాళ్లకి ఒక్కతే కూతురు, మారెన్. ఆ పిల్ల కడుపులో ఉండగానే నాయనమ్మ ఆర్డిస్ నారింజ గుడ్డలతో బొంత కుట్టడం మొదలుపెట్టింది. కాలేజీ హాస్టల్లో కప్పుకోవడానికట.

మారెన్‌కి ఒక చెడ్డ అలవాటు ఉండేది. ఆలోచించేది.

మా జిల్లాలో స్కూలు బస్సంటే ఊరేగింపు లెక్క. ప్రతి మట్టిరోడ్డులోకీ దూరి, ప్రతి కొట్టాం ముందూ ఆగి, వెళ్లిన దారినే మళ్లీ వెనక్కొస్తుంది. చలికాలంలో పిల్లలు చీకట్లో ఎక్కి, బడి చేరేసరికి ఒకరి భుజం మీద ఒకరు నిద్రపోతుంటారు. పదేళ్లు అలా వెళ్లొచ్చిన మారెన్, ఏ బస్సు ఏ దారిన పోతే పిల్లలు తొందరగా చేరతారో లెక్కగట్టే ప్రోగ్రాం ఒకటి రాసింది. స్కూలువాళ్లు మొదట నవ్వారు. తర్వాత పడమటి వైపు బస్సు ఒక్కదానికి పెట్టి చూశారు. ఆ వైపు పిల్లలు ఇప్పుడు ఇంట్లో కూర్చుని టిఫిన్ తిని మరీ వస్తున్నారు. ఇంట్లో వాళ్లకి మాత్రం 'బస్సుల గురించి ఏదో చేస్తోంది' అన్నంతవరకే తెలుసు. అంతకంటే తెలుసుకోవడానికి వాళ్లకి తీరికెక్కడిది? రెండు జట్లని చూసుకోవద్దూ?

ఆ ప్రోగ్రాంని రాష్ట్రస్థాయి విద్యార్థుల పోటీకి పంపారు. పోటీ పెట్టినవాళ్లకి బుద్ధి ఉండాలి. సరిగ్గా కొంగలకీ ముళ్లపందులకీ మ్యాచ్ జరిగే శనివారమే పెట్టారు. ఏ కన్నవాళ్లు వస్తారు చెప్పండి? పక్షం లేనివాణ్ని గనక నేనే కారులో తీసుకెళ్లాను. మొదటి బహుమతి వచ్చింది. అక్కడిచ్చిన చెక్క ఫలకం ఒళ్లో పెట్టుకుని మారెన్ దారి పొడుగునా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

ఇంటికొచ్చేసరికి టీవీ ముందు కరోల్ మొహం మాడ్చుకుని ఉంది. డ్వేన్ సోఫా మీద నిలబడి ఉన్నాడు.

"గెలిచాను నాన్నా," అంది మారెన్ గుమ్మంలోంచి.

"గెలిచాను ఏంటే పిచ్చిదానా, గెలిచాం అను," అంటూ డ్వేన్ దూకి వచ్చి కూతుర్ని ఎత్తి గిరగిరా తిప్పాడు. ఫలకం మూల ఆయన గడ్డానికి గీసుకుంది. ఆయన పట్టించుకోలేదు.

ఇంత సంతోషంగా ఉండే తండ్రి ఎంతమందికి దొరుకుతాడు?

చలికాలం మధ్యలో రెండు యూనివర్సిటీలూ మారెన్‌కి సీటిచ్చాయి. అక్కడే వచ్చింది చిక్కు. ఒకటే ఇచ్చి ఉంటే ఒకరే ఏడ్చేవారు.

రెండు చోట్లకీ వెళ్లి చూసొచ్చాం. రెండు చోట్లా ఒక కుర్ర గైడు వెనక్కి నడుస్తూ మాకు అన్నీ చూపించాడు. కొంగల దగ్గర సొంత పాలకేంద్రంలో చేసిన ఐస్‌క్రీమూ, తాళ్లు పట్టుకుని ఎక్కే గోడా. ముళ్లపందుల దగ్గర కుస్తీ హాలూ, రెండంతస్తుల జిమ్మూ. రెండు చోట్లా మారెన్ ఒకే ప్రశ్న అడిగింది: "మొదటి ఏడాది ప్రోగ్రామింగ్ ఎవరు చెబుతారు?" రెండు చోట్లా ఒకే జవాబు వచ్చింది: "చాలా మంచి ప్రశ్న. ఇప్పుడు స్టేడియం చూద్దాం."

ముళ్లపందుల క్లాసొకటి తలుపు సందులోంచి చూశాను. తొమ్మిది వందల మంది పట్టే హాలు. అదీ చాలక మిగిలినవాళ్లు పక్క హాల్లో తెర మీద చూస్తున్నారు.

"కంప్యూటర్ చదువే కదా బావా, తెర మీద చూస్తే వచ్చిన నష్టమేంటి?" అన్నాడు డ్వేన్. పాయింటే.

కొంగల దగ్గర కూడా హాలు పెద్దదే. అయితే మారెన్ అక్కడ ఒక ప్రొఫెసర్‌కి ఈమెయిల్ రాసింది. పల్లెలకి అంబులెన్సులు తొందరగా చేరడం మీద పనిచేసే ఆవిడ, పేరు ఇమోజెన్ పాష్కో. సాయంత్రానికల్లా జవాబొచ్చింది. "మంచు పడితే మీ బస్సు దారులు ఎలా మారతాయి? మొదటి ఏడాది నుంచే నా ల్యాబ్‌కి వచ్చి చూపించు" అని. మారెన్ దాన్ని ఫోనులో నాకు చూపించింది. అమ్మానాన్నలకి చూపించబోతే, ఆ పూట ఇంట్లో కొత్త కోచ్ గురించి పెద్ద చర్చ నడుస్తోందట.

మార్చి వచ్చేసరికి ఆర్డిస్ కోడలితో మాట మానేసింది. డ్వేన్ ఒక గదిలో, కరోల్ ఒక గదిలో పడుకుంటున్నారు. ఒకరోజు మారెన్‌ని బడి నుంచి తెస్తూ, హైవే మీద పెట్రోల్ బంకులో ఆగి చెరో పిజ్జా ముక్క తీసుకున్నాం. పిల్ల తినలేదు.

"మామయ్యా, నాన్న చెప్పినచోటికే పోతాను. ఇంట్లో గొడవైనా ఆగుతుంది."

"మరి ఆ పాష్కో మేడం?"

"ఆవిడకేం, ఇంకెవరైనా దొరుకుతారు."

"నీకు దొరుకుతారా?"

కాసేపు పిజ్జా మీది మిరపకాయ ముక్కల్ని వేలితో పక్కకి తోస్తూ కూర్చుంది. "మీరు నన్నెందుకు అడుగుతారు మామయ్యా? ఇంట్లో ఎవరూ అడగరు. ఎటువైపు అంటారు గానీ, ఎందుకు అనరు," అంది. ఆ మాట అంటున్నప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. టొమాటో రసం కంట్లో పడిందనే అనుకున్నాను. కుటుంబ గౌరవం కోసం మీరూ అలాగే అనుకోండి.

ఈస్టర్ భోజనానికి డ్వేన్ పెద్ద ఏర్పాటే చేశాడు. ఫుట్‌బాల్ కుర్రాళ్లు ఏ కాలేజీకి పోతారో టీవీల ముందు టోపీ పెట్టుకుని ప్రకటిస్తారే, అలాగన్నమాట. హ్యామ్ మాంసం పళ్లేనికీ బంగాళాదుంపల గిన్నెకీ మధ్య రెండు టోపీలు పెట్టాడు.

"ఆ ఊదా టోపీ నా కంటికెదురుగా ఉంటే నాకు ముద్ద దిగదు," అంది ఆర్డిస్.

"తినకండి అత్తయ్యా, మిగిలితే రేపటికి పనికొస్తుంది," అంది కరోల్. నెల తర్వాత అత్తాకోడళ్లు మాట్లాడుకున్న మొదటి మాటలవి. పోటీ మనుషుల్ని కలుపుతుందని ఊరికే అనడం లేదు నేను.

మారెన్ లేచి నిలబడింది. చెయ్యి నారింజ టోపీ మీదుగా వెళ్లి, ఊదా టోపీ తీసుకుంది.

డ్వేన్ తన పళ్లెం తీసుకుని గ్యారేజీలోకి వెళ్లిపోయాడు. కరోల్ కూతుర్ని వాటేసుకుని ఏడ్చింది.

"నాకు తెలుసే. నా రక్తం ఎక్కడికి పోతుంది?"

"అది కాదమ్మా, అక్కడొక ప్రొఫెసర్..."

"ఉండవే, ముందు నా కాలేజీ రూమ్మేట్లందరికీ ఫోన్ చేసి చెప్పనీ."

చూశారా, ఎంత తేలిగ్గా తేలిపోయిందో? ఓడినవాళ్లూ కారణం అడగలేదు, గెలిచినవాళ్లూ అడగలేదు.

ఎండాకాలమంతా డ్వేన్ కూతురితో ఉప్పిలా ఇవ్వు, తలుపెయ్యి అన్నంతవరకే మాట్లాడాడు. ఆగస్టులో సామాను దింపడానికి మాత్రం తనే బండి తీశాడు. ఏ బొమ్మా లేని బూడిదరంగు చొక్కా వేసుకున్నాడు. ఆయనకి అలాంటి చొక్కా ఒకటుందని నాకు అప్పుడే తెలిసింది. బుల్లి ఫ్రిజ్ మోయడానికి నేనూ వెళ్లాను.

హాస్టల్లో సామాను సర్దాక మారెన్ మమ్మల్ని ల్యాబ్‌కి తీసుకెళ్లింది. పాష్కో మేడం పొట్టి మనిషి, చెప్పులు విడిచి కుర్చీలో మఠం వేసుకుని కూర్చుంది. "బస్సుల అమ్మాయివి నువ్వేనా? చూపించు," అంది. రంగూ అడగలేదు, వంశమూ అడగలేదు. చదువుకున్నవాళ్లకి మర్యాద తెలియదు.

మారెన్ గోడ మీది పెద్ద తెర మీద మా జిల్లాని తెరిచింది. ప్రతి మట్టిరోడ్డూ ఉంది. ప్రతి ఇల్లూ ఒక చుక్క. చుక్కల మధ్య గీతలు కదులుతుంటే, ఏ ఇంటి పిల్లని ముందు ఎక్కించుకుంటే ఎవరికెంత నిద్ర మిగులుతుందో చెప్పుకుపోయింది. ఆ పిల్ల గొంతు అంత పెద్దగా రావడం నేనెప్పుడూ వినలేదు. డ్వేన్ చేతులు కట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. కాసేపటికి తెర దగ్గరికి జరిగాడు. అవన్నీ ఆయన రోజూ పాల ట్యాంకర్ నడిపే రోడ్లు.

"ఇక్కడ రోడ్డు అంచు కోసుకుపోయింది. బస్సు పోకూడదు," అన్నాడు వేలితో చూపిస్తూ. ఈస్టర్ తర్వాత కూతురితో ఆయన అన్న అన్నిటికంటే పెద్ద మాట అది.

"అందుకే దాన్ని వదిలేశాను నాన్నా. చూడు, చుట్టూ తిప్పాను."

ఆయన చూశాడు. చాలాసేపు చూశాడు. "ఇదంతా ఎప్పుడు చేశావే?" అన్నాడు.

"శనివారాల్లో. మ్యాచ్ ఉన్నప్పుడు ఇంట్లో నాతో ఎవరికీ పనుండదు కదా."

దెప్పడానికి అనలేదు. అడిగాడు గనక చెప్పింది. కరోల్ తన ఊదా చొక్కా అంచుని చేత్తో నలుపుతూ ఉండిపోయింది. డ్వేన్ కుర్చీ ఒకటి లాక్కుని కూతురి పక్కన కూర్చున్నాడు. "మొదట్నుంచి చెప్పు," అన్నాడు.

మేం ఊరు చేరేసరికి బాగా ఆలస్యమైంది. అదీ నష్టమే.

కాబట్టి తల్లిదండ్రులారా, జాగ్రత్తగా వినండి. మీ ఇంట్లో కూడా శనివారం మధ్యాహ్నం తలుపేసుకున్న గది ఒకటుంటుంది. టీవీ సౌండు పెంచి మీ మానాన మీరుండండి. పొరపాటున కూడా తలుపు తట్టి ఏం చేస్తున్నావని అడగకండి. అడిగితే చెప్పేస్తారు. తర్వాత మీరు వినాల్సి వస్తుంది.