ఇప్పచెట్టు క్లబ్బులో మాట్లాడరాదు

ఒక పెద్ద అడవిలో, అనగనగా కాదు, ఈమధ్యనే, పనీపాటా లేని జంతువులు కొన్ని కలిసి పేకాట క్లబ్బు పెట్టుకున్నాయి. పనీపాటా లేదంటే వాళ్ళకి కోపం. మధ్యాహ్నం మేత అయ్యాక కాస్త కాలక్షేపం అనాలట. అలాగే అందాం, మనదేం పోయింది.

ఇప్పచెట్టు కింద, బల్ల అని పిలుచుకునే చదునైన బండ, చుట్టూ కూర్చోడానికి రాళ్ళు, మోదుగాకుల మీద బొమ్మలు గీసిన పేక. ఆడేది మూడు ముక్కలాట. తలా మూడు ముక్కలు పంచుతారు. ఎవరివి పెద్ద ముక్కలైతే పందెం వాళ్ళది. అయితే చేతిలో చెత్త పెట్టుకుని కూడా, ఏదో ఉన్నట్టు మొహం పెట్టి పందెం పెంచుకుంటూ పోతే, ఎదుటివాడు జడిసి ముక్కలు పడేస్తాడు. అంచేత ఆటంతా మొహంలోనే ఉంది.

పందెం అంటే దుంపలు, రేగిపళ్ళు, ఎప్పుడైనా ఒక తేనెపట్టు. "సరదా ఆటండీ, జూదం కాదు" అని ప్రెసిడెంటు ఎలుగుబంటి అప్పలస్వామి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు. ఓడినవాళ్ళకి ఇంకొంచెం గట్టిగా చెప్పేవాడు.

ఈ క్లబ్బులో ముళ్ళపంది పేరయ్య పాత మెంబరు. పెద్దమనిషి. అడవిలో కూడా ఆ మాటే వాడతారు లెండి. అతనికి ఆస్తి అంటూ ఉన్నది ఒక్కటే, మిట్ట మీది బొరియ. వానాకాలం వాగు పొంగితే పల్లంలో ఉన్న బొరియలన్నీ నిండిపోతాయి. పేరయ్య తాత తవ్విన ఆ బొరియలోకి మాత్రం చుక్క దిగదు. అందులో భార్య ఎర్నమ్మ, పిల్లలు వెచ్చగా కాపురం ఉండేవాళ్ళు.

తన మొహం చూసి ఎవడూ ఏమీ పోల్చుకోలేడని పేరయ్యకి గట్టి నమ్మకం. ఆ మాట నిజమే. ముళ్ళపంది మొహంలో పోల్చుకోడానికి ఏముంటుంది.

అతని ప్రాణానికి గోరింక కనకరత్నం ఒకతె దాపురించింది. ఆవిడ నోరు ఒక్క క్షణం ఊరుకునేది కాదు. తన ముక్కలు ఎలాగూ మొదట్లోనే పడేసేది. ఆ తర్వాత బండ అంచున కూర్చుని అందరి ఆటా తనే ఆడేది. నేను పడేసినవాట్లో రాణి ఉంది, ఇంక రాణుల మీద ఎవరూ ఆశ పెట్టుకోకండి అనేది. కుందేలుని పెంచమనేది, ఎలుగుబంటిని తగ్గమనేది. మధ్యలో తన ఆడపడుచు గుడ్లు పొదగడం మానేసి ఎక్కడెక్కడ ఊరేగుతోందో అది కూడా చెప్పేది. కందకి లేని దురద కత్తిపీటకెందుకు అని పేరయ్య పళ్ళు నూరుకునేవాడు.

ఒకరోజు పేరయ్యకి వట్టి చెత్త పడింది. అయినా మొహం బిగించి పందెం పెంచాడు. పెంచి పెంచి ఇంట్లోంచి తెచ్చిన తేనెపట్టు కూడా పెట్టేశాడు. ఎదుట ఉన్న నక్క శేషావతారం భయపడి ముక్కలు పడేయబోతున్నాడు. సరిగ్గా అప్పుడు కనకరత్నం, పేరయ్య బావ ఊరికే జడిపిస్తున్నాడేమో, చూపించమని అడగరాదూ అంది. నక్క అడిగాడు. తేనెపట్టు పోయింది.

ఆ తేనె పిల్లలకి పెడతానని ఎర్నమ్మతో చెప్పి ఉన్నాడు పేరయ్య. కనకరత్నానికి దురుద్దేశం ఏమీ లేదు పాపం. నోరుంది, అంతే.

మర్నాడే పేరయ్య నక్క దగ్గరికి వెళ్ళాడు. శేషావతారం క్లబ్బు సెక్రటరీ. ఏ ఎండకి ఆ గొడుగు పట్టే జీవి. మొత్తం విని, మీరన్నది అక్షరాలా నిజం, మన ఆట మరీ సంతలా తయారైంది అన్నాడు. కిందటి రోజు ఆ సంత వల్లే తేనె తిన్నానన్న సంగతి మాత్రం ఎత్తలేదు.

మీటింగు పెట్టారు. కొండ అవతలి పెద్ద అడవుల్లో పులులు పేకాడుతుంటే చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుందని పేరయ్య ఉపన్యాసం ఇచ్చాడు. అతను కొండ దాటి ఎరగడు. దాటినవాళ్ళు అక్కడ ఎవరూ లేరు, అందుకని అందరూ తల ఊపారు. ఆటలో మర్యాదల ఉపసంఘం ఏర్పడింది. దానికి పేరయ్యే అధ్యక్షుడు. మాట్లాడొద్దని చెప్పడానికి ఆ రోజంతా మాట్లాడుకున్నారు.

నియమాలు ఇప్పచెట్టు బెరడు మీద చెక్కించారు. బల్ల దగ్గర 'పెంచాను', 'పడేశాను', 'చూపించు' తప్ప నాలుగో మాట అనకూడదు. పందెం మార్చాలంటే ఉపసంఘం అధ్యక్షుడి అనుమతితో ఒక్కసారి నోరు తెరవచ్చు. ఒకరి ఆట గురించి ఇంకొకరికి సలహా చెప్పకూడదు. బల్ల దగ్గర కన్నదీ విన్నదీ బల్ల దగ్గరే కాదు, దారిలోనూ ఇంట్లోనూ మీటింగులోనూ కూడా ఎత్తకూడదు. ఈ ఆఖరిది పేరయ్య స్వయంగా కలిపించాడు, ఎందుకంటే కనకరత్నం నోరు ఆట అయ్యాకే ఎక్కువ తెరుచుకుంటుంది. తప్పితే క్లబ్బులోంచి గెంటివేత.

మాట్లాడుకోకపోతే ఇంక అంతమంది ఒకచోట చేరడం ఎందుకయ్యా అని ఎర్నమ్మ అడిగింది. నీకు మర్యాదలు తెలియవు అన్నాడు పేరయ్య. ఆవిడ దుంపలు తరుక్కోడానికి వెళ్ళిపోయింది.

కొత్త నియమాలతో ఆట మొదలైంది. ముక్కలు పంచారు. ఎక్కడా చప్పుడు లేదు. పేరయ్య తన ముక్కలు ఎత్తి చూశాడు. రెండు ఆసులు, ఒక రాజు. సంతోషం ముంచుకొచ్చింది. మొహం మాత్రం చెక్కుచెదరలేదు.

వీపు మీద ముళ్ళు గలగలమన్నాయి.

ఎండిన కందికంప కదిపితే ఎలా ఉంటుందో అలా. ఇదేమీ కొత్త కాదు. సంతోషం కలిగితే పేరయ్య ముళ్ళు చిన్నప్పటినుంచీ మోగుతాయి. గురక పెట్టేవాడికి తన గురక వినిపిస్తుందా? ఇదీ అంతే, అతనికొక్కడికే వినిపించదు. ఇన్నాళ్ళూ క్లబ్బులో మిగతావాళ్ళకి కూడా వినిపించలేదు. కనకరత్నం ఆడపడుచు కథ అడ్డం ఉండేది మరి.

ఎలుగుబంటి తలెత్తి పేరయ్య వీపు చూశాడు. కుందేలు చూసింది. నక్క చూసి, చూడనట్టు ఆకాశం చూశాడు. ముగ్గురూ వరసగా ముక్కలు పడేశారు. అంత పెద్ద ముక్కలకి పేరయ్యకి దక్కింది పిడికెడు రేగిపళ్ళు.

మళ్ళీ పంచారు. ఈసారి చెత్త. పేరయ్య మొహం బిగించి పెంచాడు. వీపు వైపునుంచి చడీచప్పుడూ లేదు. ఒక్కరూ జడిసి ముక్కలు పడేయలేదు. ఆఖరికి నక్క చాలా మర్యాదగా "చూపించు" అన్నాడు. పేరయ్య దుంపలు పోయాయి.

కనకరత్నానికి కూడా సంగతి తెలిసిపోయింది. చెప్పేద్దామని ముక్కు తెరిచింది. బెరడు మీది అక్షరాలు చూసి మూసుకుంది. ఆవిడకి ఆ క్లబ్బు తప్ప ఇంకో లోకం లేదు.

ఆ రోజునుంచీ ప్రతి ఆటా ఇంతే. పేరయ్య బుర్ర బద్దలు కొట్టుకున్నాడు. ఎవరో సైగలు చేస్తున్నారని తేల్చాడు. ఉపసంఘం మళ్ళీ కూర్చుంది. తోకలు ఊపకూడదన్నారు. దగ్గకూడదన్నారు. కుందేలు ముక్కు అస్తమానం కదులుతోందని అభ్యంతరం వస్తే, పాపం అది ఒక చేత్తో ముక్కు పట్టుకుని ఇంకో చేత్తో ఆడింది. చెట్టు మీది కీచురాళ్ళని కూడా ఖాళీ చేయించారు. ఎంత నిశ్శబ్దమైతే పేరయ్య ముళ్ళు అంత బాగా వినిపించాయి.

ఒక్కడైనా చెప్పలేదా అంటారా? ఎలా చెబుతారు, నియమం కదా. ఎలుగుబంటికి మనసు పీకేది. పెద్దవాణ్ణి, నేనే నియమం తప్పితే ఎలా అని తనకి తనే నచ్చచెప్పుకునేవాడు. పేరయ్య ఇంటి దుంపలు చాలా కమ్మగా ఉండేవి, ఆ నచ్చచెప్పడానికి అదీ కొంచెం సాయపడింది.

వానాకాలానికని ఎర్నమ్మ దాచిన దుంపలన్నీ కరిగిపోయాయి. ఆటలో ఏం జరుగుతోందని ఆవిడ అడిగితే, ఇంట్లో చెప్పకూడదు అన్నాడు. తను రాసిన నియమాన్ని తనే తప్పుతాడా? పేరయ్య అలాంటివాడు కాదు.

మబ్బు కమ్ముకున్న ఒక మధ్యాహ్నం ఇద్దరే మిగిలారు, పేరయ్యా నక్కా. తక్కినవాళ్ళు పడేసి చూస్తున్నారు. నక్క చెయ్యెత్తి, ఒక్కసారి మాట్లాడేందుకు ఉపసంఘం అధ్యక్షుడి అనుమతి కోరాడు. అంటే పేరయ్య అనుమతే. ఇచ్చాడు.

"మీరు పోగొట్టుకున్నన్ని దుంపలు ఒకవైపు పెడతాను పేరయ్యగారూ. మీ బొరియ ఒకవైపు. సరదాకే సుమండీ."

పేరయ్య తన ముక్కలు మళ్ళీ చూసుకున్నాడు. రెండు, అయిదు, ఏడు. ఒకదానికొకటి సంబంధం లేదు. కానీ ఇల్లు పందెం పెట్టాడంటే చేతిలో ఏముందోనని ఏ నక్కయినా జడవాల్సిందే. జడిస్తే దుంపలన్నీ ఒక్కసారే ఇల్లు చేరతాయి. ఎర్నమ్మ మొహం చూసే ధైర్యం వస్తుంది. మొహం బిగించాడు. ఆ మొహాన్ని పులులు చూసినా మెచ్చుకునేవి.

వీపు మాత్రం ఊపిరి బిగబట్టినట్టు ఉంది. గుడ్డివాడికి కూడా తెలిసిపోతుంది అతని చేతిలో ఏమీ లేదని.

కనకరత్నం ఇంక ఉండలేకపోయింది. ఎగిరి బండ మీద వాలింది.

"పేరయ్య బావా, పెట్టకు. నీ ముళ్ళు..."

"కనకరత్నమ్మా, నియమం" అన్నాడు పేరయ్య.

"నియమం పాడుగాను. ఇల్లు పోతుంది బావా. ఒక్క మాట విను, తర్వాత నన్ను గెంటేసుకో."

పేరయ్య ఆవిడ వైపు చూడను కూడా లేదు. ఎలుగుబంటి వైపు తిరిగాడు. "ప్రెసిడెంటుగారూ, బల్ల దగ్గర మాట్లాడింది. బయటికి పంపండి."

ఎలుగుబంటి నేల చూపులు చూస్తూ చెయ్యి ఊపాడు. కనకరత్నం ఏడుస్తూ ఎగిరిపోయింది. బల్ల దగ్గర మళ్ళీ నిశ్శబ్దం. మర్యాద నిలబెట్టానని పేరయ్య ఛాతీ విరుచుకుని మిట్ట మీది బొరియ వైపు చెయ్యి చూపిస్తూ "పెంచాను" అన్నాడు.

నక్క చెవులు రిక్కించి కాసేపు విన్నాడు.

"చూపించు" అన్నాడు.

సాయంత్రానికల్లా వాన దిగింది. శేషావతారం సంసారం మిట్ట మీదికి చేరింది. పేరయ్య సంసారం వాగు పక్క ఒక రాతి కిందికి చేరింది. రాతికి పైన పగులు. కారుతోంది.

కనకరత్నం తడుస్తూ వెతుక్కుంటూ వచ్చింది. నేనిప్పుడు మెంబర్ని కాదు, చెప్పొచ్చు అని ఉన్నదున్నట్టు చెప్పేసింది. నా ముళ్ళు మోగడమేమిటి, నీ వాగుడికి ఇదో సాకు అని పేరయ్య ఆవిడ మీద ఎగిరాడు.

"మోగుతాయి" అంది ఎర్నమ్మ. "పెళ్ళిచూపుల్లో నన్ను చూడగానే మోగాయి. అది విన్నాకే నేను ఒప్పుకున్నాను. ఆటలో సంగతి ఇంట్లో ఒక్కసారి చెప్పి ఉంటే, ఎందుకు ఓడుతున్నావో నేనే చెప్పేదాన్ని కదయ్యా."

పేరయ్య తడిసిన చిన్నపిల్లని దగ్గరికి లాక్కోబోయి, ముళ్ళు గుచ్చుకుంటాయని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

తెల్లారి వాన కాస్త తెరిపివ్వగానే క్లబ్బుకి పరిగెత్తాడు. ఆ ఆట చెల్లదన్నాడు. మీరంతా నా ముళ్ళు విని ఆడారన్నాడు. శేషావతారం ఎంతో బాధపడ్డాడు. బల్ల దగ్గర విన్నది మీటింగులో ఎత్తకూడదని తమరే కలిపించారు కదా, మేం విన్నామో లేదో చెప్పడానికి కూడా మాకు నోరు లేకుండా పోయింది అన్నాడు. నియమం తీసేయమంటే, దాన్ని ఎందుకు తీసేయాలో చర్చించాలంటే ఆ విన్నదేమిటో ఎత్తాల్సి వస్తుంది, అది కుదరదన్నాడు. అందరూ తల ఊపారు. చాలా విచారంగానే ఊపారు.

అయితే పేరయ్య సేవల్ని ఊరికే పోనివ్వలేదు. ఆయనకి 'మర్యాదా శిఖామణి' బిరుదు ఇవ్వాలని అక్కడికక్కడే తీర్మానించారు. వానాకాలం కదా, ఇప్పచెట్టు కింద సభ కుదరదు. పొడిగా ఉన్న చోటు అడవి మొత్తానికి ఒక్కటే. శేషావతారం పెద్ద మనసు చేసుకుని తన ఇంట్లో పెట్టుకోమన్నాడు.

అలా పేరయ్య తన తాత తవ్విన బొరియలోకి ముఖ్య అతిథిగా వెళ్ళాడు. ఎర్నమ్మ పిల్లల్ని తీసుకుని వెంట వచ్చింది, కాసేపైనా పొడిగా ఉంటారని. మెంబర్లకే ప్రవేశం అని గుమ్మం దగ్గర ఆపేశారు.

ఎలుగుబంటి అడవిమల్లె దండ వేశాడు. నక్క బిరుదు చదివాడు. పేరయ్య, పిల్లల్ని లోపలికి రానివ్వండి అనబోయాడు. నక్క నవ్వుతూ పెదవి మీద వేలు పెట్టాడు. శిఖామణిగారి గౌరవార్థం సభ మౌనం పాటించింది.

ఆ నిశ్శబ్దంలో బయట వానలో చిన్నపిల్ల దగ్గడం లోపలికి స్పష్టంగా వినిపించింది. విన్న సంగతి ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

నీతి: మునిగితే మర్యాదస్థుల మధ్యే మునగాలి, గట్టు మీదనుంచి ఒక్కరూ పల్లెత్తు మాట అనరు.