ఏడో చుక్కకు పేరు లేదు

మా నీటి సరఫరా కార్యాలయపు హాలులో పన్నెండు వార్డుల నీటి పరీక్షల గ్రాఫు ఘనంగా ఆవిష్కరింపబడినదని ప్రజలకు తెలియజేయుటకు సంతోషిస్తున్నాము. అందులో చుక్కలు పన్నెండు, పేర్లు ముప్ఫై నాలుగు. ఇంత నిండైన గ్రాఫు చుట్టుపక్కల ఏ కార్యాలయానికీ లేదు.

మొదట్లో అది ఇంత నిండుగా లేదు. దాన్ని గీసిన గణాంకాల ఉద్యోగినిని మేమంతా గ్రాఫులమ్మ అంటాం. ఆవిడ ఆర్ అనే కంప్యూటరు భాషలో గీస్తుంది. వార్డుకో చుక్క, నీళ్లలో మురికి ఎంత ఎక్కువైతే చుక్క అంత పైన. పదకొండు చుక్కలు కింద బుద్ధిగా ఉంటే ఏడోది ఒక్కటే నెత్తికెక్కింది. దానికో ఎర్ర బాణం వేసి, "ఏడో వార్డు: కుళాయి నీళ్లు తాగకండి" అని రాసింది. ఒక్క అధికారి పేరైనా లేదు. పైగా చదివినవాడికి చదివినట్టే అర్థమైపోతోంది. అనుభవం లేని పని అంటే ఇదే.

అలాంటి హెచ్చరిక హాలు గోడకెక్కిన రోజే ఆ వార్డు కుళాయిలు కట్టేసి ట్యాంకర్లు పంపాలని మాకో నిబంధన ఉంది. అందుకని ముందు కమిటీ వేశాం.

కమిటీ వారం రోజులు కూర్చుంది. పక్కన నిలువు గీత వెంట ఉన్న "మురికి" అనే మాట గోడ మీద శోభించదని దాన్ని "పురోగతి"గా మార్చింది. తర్వాత "ఎవరి ఆదేశాల మేరకు", "ఎవరి పర్యవేక్షణలో", "ఎవరి సహకారంతో" అన్నవన్నీ చేరాయి. డిప్యూటీ గారు తనకూ ఒక బాణం కావాలన్నారు. దేన్ని చూపించాలని అడిగితే, "ఏదో ఒకటి చూపించనీయమ్మా, అదీ నేనే చెప్పాలా?" అని విసుక్కున్నారు. ఆ బాణం ఇప్పటికీ ఖాళీ స్థలాన్ని నిష్ఠగా చూపిస్తోంది. డైరెక్టరు గారి పేరు అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో, అన్నిటికంటే పైన ఉండాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. అన్నిటికంటే పైన ఉన్నది ఏడో చుక్క.

దాంతో అక్షరాల మీద అక్షరాలు ఎక్కి కూర్చున్నాయి. ఆర్‌లో దీనికి ఒక సదుపాయం ఉంది. రెండు మాటలు ఢీకొంటే పట్టికలో ముందున్నది నిలుస్తుంది, వెనకున్నది మాయమవుతుంది. చప్పుడుండదు, ఫిర్యాదుండదు. ఇది విని మా సూపరింటెండెంటు కళ్లు చెమర్చాయి.

"ఇది మన ఆఫీసు పద్ధతే కదమ్మా! హోదా ప్రకారం పట్టిక వెయ్యి. హెచ్చరిక చివర్న పెట్టు."

"చివర్న పెడితే అదే ఎగిరిపోతుంది సార్."

"పోతే పోనీ. చుక్క ఉంది కదా! చుక్కని ఎవరైనా చెరిపారా? అయినా కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"కందకే దురద సార్. మా అక్క వాళ్లుండేది ఏడో వార్డులోనే. ఇద్దరు చిన్నపిల్లలు. ఆ నీళ్లే తాగుతున్నారు."

"అయితే మీ అక్కకి ఫోన్ చేసి చెప్పుకో. గ్రాఫుని సొంత పనులకి వాడుకోకూడదమ్మా."

ఆవిడ అక్కకి ఫోన్ చేసింది. అక్క అంది కదా, "నీళ్లు బాగాలేకపోతే ఆఫీసువాళ్లే గోడ మీద రాస్తారు కదే! నీదంతా కంగారు."

ఆవిష్కరణ రోజు హెచ్చరిక లేదు. దాని ఎర్ర బాణం మాత్రం ఉంది. ఆ సదుపాయం మాటలకే గానీ బాణాలకు వర్తించదట. అది డైరెక్టరు గారి పేరు దగ్గర మొదలై, అన్నిటికంటే పైనున్న చుక్క దగ్గర ఆగింది. ఆయన దాన్ని తృప్తిగా తడిమి ఉపన్యసించారు: "నా పేరు కింద మెరుస్తున్న ఈ చుక్కను చూడండి! మిగతా పదకొండూ ఎక్కడ ఉండిపోయాయో చూడండి! అవి కూడా ఈ స్థాయికి చేరేవరకు నేను నిద్రపోను." చప్పట్లు మూడు నిమిషాలు మోగాయి. గ్రాఫులమ్మ ఒక్కతే కొట్టలేదు. ఆవిడకు మెమో ఇచ్చాం.

మర్నాడు ఆవిడ ఏడో వార్డు కుళాయి గోడ మీద సుద్దతో ఆ హెచ్చరికే రాసింది. పై అధికారి పేరు లేని రాత కాబట్టి తుడిపించి, రెండో మెమో ఇచ్చాం. ఆ వారంలో ఏడో వార్డు నుంచి ముప్ఫై ఎనిమిది మంది ఆస్పత్రిలో చేరారు. అక్క పిల్లలిద్దరూ అందులోనే ఉన్నారు. పెద్దది లేచి తిరుగుతోంది. చిన్నవాడు లేడు.

విచారణ జరుగుతుందంటున్నారు. జరగనివ్వండి, మాకేం భయం? గ్రాఫు కింద సందర్శకుల పుస్తకం పెట్టాం. రెండు వందల పదహారు మంది సంతకాలు చేశారు. "రంగులు బాగున్నాయి" అన్నారు, "కనువిందుగా ఉంది" అన్నారు. ఆ పై చుక్క ఏ వార్డుదని ఒక్కరూ అడగలేదు. పుస్తకాన్ని బీరువాలో భద్రంగా ఉంచాం. ముందు చూపించేది అదే.

మీ సంతకం నాలుగో పేజీలో ఉంది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.