పాతది, చిన్నది

శనివారం పొద్దున కళ్ళజోళ్ళ షాపాయన భార్య వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ కాచి, రెండు కప్పులూ తీసుకెళ్ళి, మొగుడు షాపుకు బయలుదేరే లోపు పెరటి మెట్ల మీద ఆయన పక్కన కాసేపు కూర్చోవాలి. కూర్చుని ఏం మాట్లాడాలో కూడా అనుకోలేదు. ఏవో పనికిరాని కబుర్లు. ఆ ఇంట్లో పనికొచ్చే మాటలు తప్ప మరో రకం మాటలు వినపడి చాలాకాలమైంది.

కారణం గడ్డి. మొక్కలు పెంచుకుందామని ముచ్చటపడి, ఊరి చివర పెద్ద ఆవరణ ఉన్న ఇల్లు కొనుక్కున్నారు. మొక్కల సంగతి సరేసరి, గడ్డి మాత్రం ఎవరో పిలిచి పీట వేసినట్టు దర్జాగా పెరిగింది. వారమంతా షాపులో అద్దాలు అరగదీసే మనిషి, ఆదివారమంతా గడ్డి కోసే పాత మిషన్ను తోసుకుంటూ తిరిగేవాడు. తాడు లాగితే అది ఒకసారి దగ్గి ఊరుకునేది. దాన్ని బతిమాలి, తిట్టి, వెనకవైపు కోసుకుని వచ్చేసరికి ముందువైపు మళ్ళీ మొలిచేది. సాయంత్రం ఒంటినిండా గడ్డిపరకలతో వచ్చి, కంచం ముందే కునికిపాట్లు పడేవాడు. ఉతికిన చొక్కా వేసుకుని ఆయన తీరిగ్గా తన పక్కన కూర్చునే ఒక్క ఆదివారం కోసం ఆవిడ ప్రాణం కొట్టుకుపోయేది. నోరు విడిచి ఎప్పుడూ అడగలేదు. గడ్డికీ తనకూ పోటీ అని ఏ ఇల్లాలు చెప్పుకుంటుంది?

ఆ పొద్దున కప్పులతో పెరట్లోకి వెళ్తే, షెడ్డు వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది. ఫోనులో ఎవరితోనో గుసగుసలాడుతున్నాడు.

"పాతదానితో ఇక నావల్ల కాదండీ. ఒక పట్టాన లేవదు. లేచినా రెండడుగులకే ఆయాసం. మొన్న మీ దగ్గర చూశానే, ఆ చిన్నది, అది మనసులోంచి పోవడం లేదు. చూడ్డానికి చిన్నదే గానీ మంచి బలం. ఆ రెండోదాన్ని కూడా పంపండి. చెయ్యి ఆనిస్తే చాలు, ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు. రేపు పొద్దున తీసుకురండి. పోతూ పోతూ పాతదాన్ని మీరే పట్టుకుపోండి."

ఆయన మాట్లాడుతున్నది యంత్రాల షాపువాడితో. చిన్నదంటే చిన్న ట్రాక్టరు. రెండోది జీరో టర్న్ మోవర్ అని, ఎక్కి కూర్చుని నడిపే గడ్డి మిషన్. దానికి స్టీరింగు ఉండదు, రెండు చేతులకూ రెండు లివర్లు ఉంటాయి, మలుపుకు జానెడు చోటు కూడా అడగకుండా నిలుచున్నచోటే తిరుగుతుంది. కాబట్టి ఇందులో ఆయన తప్పేమీ లేదు. తప్పంతా మన భాషది. మగవాడిని మాత్రం 'వాడు' అని ప్రత్యేకంగా కూర్చోబెట్టి, ఆడమనిషినీ ఆవునూ ట్రాక్టరునూ 'అది' అని ఒకే గాటన కట్టేసింది.

పైగా ఆవిడకు ఈమధ్య మోకాళ్ళ నొప్పి. ఒక పట్టాన లేవలేకపోతోంది. లేచినా ఆయాసమే.

పాతదంటే తననే అనుకుంది. కప్పులు తీసుకుని వచ్చినదారినే లోపలికి వెళ్ళిపోయింది. నిజానికి కోపం రావాలి. కోపం రాలేదు, బెంగ వచ్చింది. పెళ్ళికి ముందు, తన కళ్ళు శుభ్రంగా ఉన్నా, అక్షరాలు కనబడటం లేదని అబద్ధమాడి ఆయన షాపుకు వెళ్ళేది. అబద్ధమని తెలిసి కూడా ఆయన "ఇది బాగుందా, పోనీ ఇది బాగుందా" అంటూ అద్దాలు మార్చి మార్చి పొద్దు గుంకించేవాడు. ఆ మనిషి కావాలనిపించింది ఆవిడకు. ఎదురుగా ఉన్న మనిషి మీదే బెంగ పెట్టుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

అక్కకు ఫోను చేసి ఏడ్చింది. అక్క ఆ కబురు తమ్ముడి చెవిన వేసింది. తమ్ముడు డ్రిల్లు మాస్టరు. విషయం సున్నితంగా కనుక్కోమని అక్క మరీమరీ చెప్పడంతో, సాయంత్రం నేరుగా బావ షాపుకు వెళ్ళి, కొత్తది వస్తోందట కదా అని సున్నితంగా అడిగేశాడు.

బావ ముఖం చాటంతయింది. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఒకటి కాదురా, రెండు."

"రెండా? ఈ వయసులో తట్టుకోగలరా, బావా?"

"ఈ వయసు కాబట్టే రెండు. ఒక్కదానితో అన్ని పనులూ ఎక్కడవుతాయి?"

ఎక్కడ ఉంచుతారని అడిగితే షెడ్డులో అన్నాడు, రేకులు గట్టివే, తడవవు అన్నాడు. మరి అక్కయ్య మాటేమిటంటే, మొదట గొణిగినా తర్వాత తనే ముచ్చటపడి రోజూ తుడిచి పెట్టుకుంటుందని భరోసా ఇచ్చాడు. మనుషుల్ని ఇద్దరు అనకుండా రెండు అన్న బావ ఎంత దిగజారాడో తమ్ముడు ఇంటికెళ్ళి పెద్దక్కకు వివరించాడు.

ఆదివారం తెల్లారేసరికి ఇద్దరూ దిగిపోయారు. అక్క చెల్లెలి బట్టలు పెట్టెలో సర్దింది. తమ్ముడు గేటు మూసి దానికి అడ్డంగా నిలబడ్డాడు. షాపాయన ఉతికిన చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని బయటికి వచ్చాడు. ఆ చొక్కా చూసేసరికి ఆవిడకు కళ్ళు నిండాయి. ఎన్నాళ్ళుగానో కోరుకున్నది ఆ చొక్కానే, వేసుకున్నది వేరెవరి కోసమో.

"ఒక్క కప్పు టీ నాతో కూర్చుని తాగండి. తర్వాత మీ ఇష్టం," అంది.

"వచ్చేస్తున్నారు, దింపుకున్నాక తాగుదాం," అన్నాడాయన, వీధివైపు చూస్తూనే.

టార్పాలిన్ కప్పిన లారీ వచ్చి ఆగింది. డ్రైవరు దిగి, గేటు పట్టుకుని వేలాడుతున్న డ్రిల్లు మాస్టరు భుజం మీదుగా లోపలికి తొంగిచూశాడు.

"పాతది ఎక్కడుందండీ? ముందు దాన్ని ఎక్కించుకోమన్నారు."

ఆవిడ మెట్ల మీంచి మెల్లగా లేచి, పెట్టె పట్టుకుని గేటు దాకా నడిచింది. "నేనేనయ్యా. పద."

డ్రైవరు ఆవిడ వైపు చూశాడు, షాపాయన వైపు చూశాడు, తనకు వచ్చిన చిరునామా ఇదేనా అని ఇంటి వైపు చూశాడు. ఏం చెయ్యాలో తోచక టార్పాలిన్ లాగేశాడు. కింద నారింజరంగు చిన్న ట్రాక్టరు, దాని పక్కన గడ్డి మిషన్. డ్రిల్లు మాస్టరు తనంతట తానే గేటు తీశాడు. అక్క నీళ్ళు నమిలి, మరిదిగారు సన్నబడ్డారేమిటని పరామర్శ మొదలుపెట్టింది.

షాపాయనకు సంగతి అర్థం కావడానికి కాస్త పట్టింది. అయ్యాక భార్య చేతిలోంచి పెట్టె అందుకున్నాడు. "వీటితో పొద్దున్నే పని తెమిలిపోతుందన్నారు. మిగతా ఆదివారమంతా నీ పక్కన కూర్చుందామని కొన్నానే. నీ దగ్గర కూర్చోవాలని నాకూ ఉంటుంది," అన్నాడు. ఆవిడ అందరి ముందే ఏడ్చేసింది, అందులోనే నవ్వింది.

కళ్ళు తుడుచుకోవడానికి ఎక్కడైనా కూర్చోవాలి కదా, అప్పుడే దింపిన గడ్డి మిషన్ సీటు మీద కూర్చుంది. డ్రైవరు మర్యాదకు లివర్లు ఎలా తొయ్యాలో చూపించాడు. ఆవిడ తోసింది. మోకాళ్ళతో నిమిత్తం లేకుండా భూమి ఆవిడ కింద కదిలింది. ఆవరణంతా ఒక చుట్టు చుట్టి వచ్చింది. ఇంకొక్క చుట్టు అంది. మధ్యాహ్నం దాకా దిగలేదు.

ఇప్పుడు ఆదివారం వస్తే ఆవిడ ముందువైపు మిషన్ మీద, ఆయన వెనకవైపు ట్రాక్టరు మీద. గడ్డి అయిపోయినా ఆవిడ మిషన్ దిగదు, వీధి వెంట ఎవరి ఆవరణ పెరిగి ఉంటే అక్కడికి వెళ్తుంది. ఎదురుపడినప్పుడు ఆయన ఆశగా చెయ్యి ఊపుతాడు. ఆవిడా ఊపబోతుంది గానీ, ఒక లివరు వదిలితే బండి గిర్రున తిరిగి ఆయనకు ఆవిడ వీపు చూపిస్తుంది. చూసి చూసి, ఇద్దరు పక్కపక్కన కూర్చునేది ఏదైనా ఉందా అని ఆయన మళ్ళీ షాపువాడికి ఫోను చేశాడు.

ఉంది గానీ దానితో గడ్డి కోయడం కుదరదు, దాన్ని బెంచీ అంటారు అన్నాడు షాపువాడు.