పాయింటుకు పెట్టిన పొట్టు

"స్పార్కు లేదు సార్," అన్నాడు మెకానిక్ ఏలుమలై, ప్లగ్గు వైరు కొసను ఇంజనుకు దగ్గరగా పట్టుకుని. "సెల్ఫ్ తిరగతా ఉండాది, పెట్రోలు వస్తా ఉండాది. నిప్పురవ్వ మాత్రం లేదు."

అనంతరామన్‌కు తన గుండె కూడా ఒక్క క్షణం స్టార్టు కానట్టే అనిపించింది. తండ్రి వదిలిపోయిన అంబాసిడర్ అది. నటేశన్ నగర్‌లో అంత పాత బండి ఇంకొకటి లేదు. ఇంకాసేపట్లో కూతురు ఆర్తి నిశ్చితార్థానికి అది కాలాపేట చేరాలి. ఈ ఒక్క ప్రయాణం చేయలేకపోతే బండిని పాత ఇనుము కొనే చెల్లప్పన్‌కు అప్పగించాల్సిందేనని భార్య మహాలక్ష్మి ముందే తేల్చి చెప్పింది. ఆ చెల్లప్పన్ అప్పుడే వీధి మలుపులో టెంపోకు ఆనుకుని టీ తాగుతున్నాడు.

ఏలుమలై కాయిల్ మార్చాడు. రవ్వ రాలేదు. ప్లగ్గులు మార్చాడు. అయినా రాలేదు.

"డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, రవ్వ పుట్టించే పాయింట్లు చూస్తా సార్."

"దాని జోలికి పోవద్దు! నిన్న ఫోన్లో నువ్వు చెప్పినట్టే అంతా చేయించినా. అద్దంలా ఉంటాయి."

అన్నీ బాగుండి బండి చచ్చిందంటే ఎవరో చంపారన్నమాట. అనంతరామన్ కళ్లు చిన్నవయ్యాయి. సరిగ్గా అప్పుడే ఆర్తి అమాయకంగా అంది: "నిన్న సాయంత్రం పక్కింటి పురుషోత్తమన్ మామ టార్చి వేసుకొని మన బండి కింద చూస్తా ఉన్నారు నాన్నా."

ఈ కారు పొగకు రోజూ కిటికీలు మూసుకునే మనిషి పురుషోత్తమన్. ఇంకేం కావాలి?

"ఏమయ్యా పురుషోత్తమా! నా బండిలో ఏం పీకినావు?"

పురుషోత్తమన్ సగం గడ్డానికి సబ్బుతోనే బయటికొచ్చాడు. "ఏంది? నేనా?"

"టార్చి వేసుకొని దాని కింద నీకేం పని?"

"మా పిల్లి దూరిందన్నా!"

"పిల్లి! నీ పిల్లికి మెకానిక్ పని కూడా వచ్చా?"

అరుగుల మీదికి జనం వచ్చారు. పురుషోత్తమన్ ముఖం ఎర్రబడింది. లోపలికెళ్లి స్కూటర్ తోసుకొచ్చి, అనంతరామన్ గేటుకు అడ్డంగా నిలిపి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "దొంగెవరో వీధిలో పేరు పెట్టి చెప్పిందాకా ఇది కదలదు!"

చెల్లప్పన్ టీ గ్లాసుతోనే దగ్గరికొచ్చాడు. "స్కూటర్ కూడా ఇచ్చేస్తారా అన్నా?"

ఈ గొడవలో తనను ఎవరూ చూడడం లేదని ఏలుమలై మెల్లగా డిస్ట్రిబ్యూటర్ మూత తీశాడు. తీసి, రెండడుగులు వెనక్కి వేశాడు.

"సార్... ఎవురో చేతబడి చేసినారు!"

అందరూ వంగి చూశారు. రెండు పాయింట్లు కలిసే చోట, గుండ్రంగా, నిగనిగలాడుతూ నల్లని బొట్టు! దాని పైన చిటికెడు కుంకుమ! స్కూటర్ మీదుగా మెడ చాచిన పురుషోత్తమన్ కూడా లెంపలేసుకున్నాడు.

పట్టుచీర కుచ్చిళ్లు సర్దుకుంటూ మహాలక్ష్మి వచ్చింది. "చేతబడి యాడిది? అది నా చేతి పొట్టు, నేను పెట్టిన బొట్టే!"

"నువ్వా? ఎందుకు పెట్టినావే?"

"మీరు చెప్తేనే గదా! నిన్న మూత తీసిపెట్టి, పళ్లు తోముకుంటా ఈ మెకానిక్‌తో ఫోన్లో మాట్లాడినారు. పాయింటుకు ఏం చెయ్యాలంట అని అడిగితే, నోటినిండా నురగతో 'సాందు పొట్టు' అన్నారు. శుభకార్యానికి పోయే బండి గదా, దిష్టికి అనుకొని పెట్టినా. 'అయిందా' అన్నారు, 'అయింది' అన్నా. చూడకుండానే మూసేసినారు."

ఏలుమలై నెత్తి కొట్టుకున్నాడు. "సాండ్ పోట్టు అన్నా సార్! సాండ్ పేపర్ వేసి రుద్దమన్నా!"

మెకానిక్ తమిళంలో చెప్పిన గరుకు కాగితం, అనంతరామన్ నోటి నురగలో మెత్తబడి, ఆడవాళ్లు నుదుట దిద్దుకునే చాదు బొట్టయింది. ఆ జిగట ఎండి, పాయింట్ల మధ్య కరెంటును నిలువునా ఆపేసింది.

ఏలుమలై పెట్రోలు గుడ్డతో తుడిచి, సాండ్ పేపర్‌తో రుద్ది, మూత బిగించాడు. అనంతరామన్ తాళంచెవి తిప్పాడు. అంబాసిడర్ ఒకసారి దగ్గి, గర్జించింది. ఆర్తి చప్పట్లు కొట్టింది. చెల్లప్పన్ ఖాళీ గ్లాసు అరుగు మీద పెట్టి టెంపో వైపు నడిచాడు.

కానీ గేటుకు అడ్డంగా స్కూటర్ అలాగే ఉంది. పురుషోత్తమన్ చేతులు కట్టుకున్నాడు.

"పేరు?"

"తెలిసింది గదప్పా. ముహూర్తం మించిపోతా ఉండాది."

"వీధిలో అరిచినావు. వీధిలోనే చెప్పు."

అనంతరామన్ భార్య వైపు చూశాడు. ఆమె ఆకాశం వైపు చూసింది.

"నేనేలే..." గొణిగాడు.

"ఎవురు? వినపడలా!"

"అనంతరామన్! బండిని చెడగొట్టింది అనంతరామనే!"

ఆ కేక అవతలి వీధి దాకా వెళ్లింది. పురుషోత్తమన్ నవ్వుతూ జేబులోంచి తాళంచెవి తీశాడు.

మహాలక్ష్మి ముందు సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. "నోట్లో బ్రష్షు లేకుంటే మీ మాట ఎంత బాగా వినపడతాదో," అంది.