బడి వెనక వెలసిన సీదీ

బాదంచెట్లు పూసే రోజుల్లో తిమ్‌గీన్ ఊరికి ఉదయం కొంచెం ఆలస్యంగా వస్తుంది. కొండ మీది మంచు గులాబీ రంగుకు తిరిగేదాకా లోయంతా తెల్లని పొగలో మునిగి, ఏది పువ్వో ఏది మంచో తెలియనివ్వదు. అలాంటి ఒక ఉదయం ఇద్దిర్ మాస్టారు ఒక చేత సున్నం బకెట్టు, మరో చేత అరిగిన కుంచె పట్టుకుని ప్రాథమిక పాఠశాల వెనక దొడ్డిలోకి నడిచారు. ఆయన పథకం చాలా చిన్నది. గంట కొట్టేలోగా కొన్ని రాళ్ళకు సున్నం వేయాలి, చేతులు కడుక్కోవాలి, నాలుగో తరగతికి వెళ్ళాలి.

ఆ దొడ్డి చాలాకాలంగా ముళ్ళకంపకూ ఊరి మేకలకూ ఉమ్మడి ఆస్తి. సోమవారం సంతకు వచ్చే లారీలు నిలుపుకోవడానికి దాన్ని ఇచ్చేయమని ఊరి పాలకమండలి అడుగుతోంది. పిల్లలు అక్కడ నిజంగా ఏదైనా నేర్చుకుంటున్నారని విద్యాశాఖ తనిఖీ అధికారికి నమ్మకం కుదిరితే స్థలం బడికి మిగులుతుంది, లేకపోతే లారీల పాలవుతుంది. తనిఖీ వసంతంలో. ప్రధానోపాధ్యాయురాలు లల్లా తూదా ఈ సంగతి చెప్పిన నాటి నుంచి మాస్టారు మెలకువలోనే కలలు కంటున్నారు. గోడలు లేని తరగతి. సూర్యుడు నీడతో నేల మీద రాస్తాడు, పిల్లలు చదువుతారు. గాలి, వాన తామే వచ్చి హాజరు పలుకుతాయి.

కల కొద్దికొద్దిగా నేల మీదికి దిగింది. దొడ్డి మధ్యలో నీడ కోసం నిటారుగా ఒక కర్ర, దాని చుట్టూ ఏటి ఇసుక, ఇసుక చుట్టూ రాళ్ళ వలయం. పక్కన నాలుగు కాళ్ళ మీద, పలకల సందుల్లోంచి గాలి ఆడే చిన్న చెక్క గది. అందులో ఉష్ణమాపకం, గాలి ఒత్తిడి చూపే గడియారం లాంటి పరికరం ఉంటాయి. ఎండ వేడి లోపలికి చేరకుండా దానికీ తెల్లరంగే. వాన కొలవడానికి ఒక రేకు డబ్బా. గాలి ఎటు వీస్తుందో చూపడానికి కర్ర చివర ఒక గుడ్డ గొట్టం. ఆ గొట్టాన్ని మాస్టారు భార్య తన పాత జెల్లాబా అంగీ లోపలి గుడ్డతో కుట్టి ఇచ్చింది. ఆ గుడ్డ రంగు ఆకుపచ్చ.

తెల్లని రాళ్ళ వలయం, తెల్లని చిన్న గది, పైన ఎగిరే ఆకుపచ్చ గుడ్డ. ఆ లోయలో పుట్టినవారు ఎవరైనా ఈ మూడింటినీ ఒక్కచోట చూస్తే ఏమనుకుంటారో మాస్టారుకు తట్టలేదు. ఆయనా ఆ లోయలోనే పుట్టారు. కానీ ఆయన వాటిని విడివిడిగా తయారు చేశారు.

మధ్యాహ్నం తొలి పాఠం జరిగింది. ఇసుక చెదరకూడదు కనుక పిల్లలు చెప్పులు బయట విడిచారు. నీడ కదలిక కనపడాలంటే ఎవరూ కదలకూడదు కనుక వలయం చుట్టూ నిశ్శబ్దంగా నిలబడ్డారు. నీడ అన్నిటికంటే పొట్టిదైన క్షణాన తాము అనే అమ్మాయి మెల్లగా వెళ్ళి, దాని కొసన ఒక గులకరాయి ఉంచి, వెనకడుగులు వేసుకుంటూ వచ్చింది. బాదంరేకులు రాలి ఆ రాయి పక్కన పడ్డాయి. మాస్టారు కళ్ళు చెమర్చాయి. గోడ అవతల గాడిద మీద గడ్డిమోపు వేసుకుని వెళ్తున్న తాము అవ్వ ఇజ్జా కళ్ళూ చెమర్చాయి. కారణాలు వేరు.

ఇంటికి రాగానే ఇజ్జా మనవరాలిని పట్టుకుంది.

"చెప్పులెందుకు విప్పారే?"

"అక్కడ చెప్పులతో తొక్కకూడదవ్వా."

"రాయెందుకు పెట్టావ్?"

"నీడ కొసన పెట్టాలన్నారు."

"పెడితే?"

"రేపు మళ్ళీ పెట్టాలి."

ఇజ్జాకు అంతకుమించిన వివరం అక్కరలేదు. రొట్టెలు కాల్చే పొయ్యి దగ్గర ఆ మాట ఇరుగుపొరుగుకు చెప్పింది. ఇన్నేళ్ళు మన కాళ్ళ కిందే సమాధిలో ఉండి మాస్టారికి కనిపించారంటే ఆ సీదీ, ఆ మహాత్ముడు, ఎంత దయగలవారో అన్నది ఒకామె. మర్నాటికి కర్రకు ఒక ఎర్రదారం కట్టి ఉంది. పిల్లల ఆట అనుకుని మాస్టారు దాన్ని విప్పబోయారు. బాదంపూల మీది తేనెటీగ ఒకటి వచ్చి ఆయన బొటనవేలిని కుట్టింది. పూలున్నచోట తేనెటీగలుంటాయనీ, ఉలిక్కిపడితే కుడతాయనీ ఆయన తరగతిలో చక్కగా వివరించారు. ఆ సాయంత్రం పొయ్యి దగ్గర మరింత క్లుప్తమైన వివరణ అందరికీ నచ్చింది. చెయ్యి పెట్టారు, చెయ్యి వాచింది.

ఆ తరువాత దారాలను విప్పేవారు లేకపోయారు. వాటికి తోడు కొవ్వొత్తులు వచ్చాయి. నీలం కాగితంలో చుట్టిన చక్కెర దిమ్మ వచ్చింది. దానికి చీమలు వచ్చాయి. చీమల బారును పిల్లలు బొమ్మ గీసుకున్నారు కనుక అంతవరకు పాఠానికి నష్టం లేదని మాస్టారు సర్దుకున్నారు. కానీ ఒక ఉదయం తాము పరుగున వచ్చి రాత్రి తెల్లవాన కురిసిందని చెప్పింది. తరగతి అంతా ఆనందంతో డబ్బా చుట్టూ మూగింది. మాస్టారు ముందు చూశారు, తరువాత వాసన చూశారు. మేకపాలు. వానైతే ఊళ్ళో ప్రతి బకెట్టులోనూ పాలుండాలి కదా అని అడిగితే పిల్లలు ఆలోచనలో పడ్డారు. వారిలో కొందరు బకెట్లు చూడటానికి ఇళ్ళకు వెళ్ళిపోయారు.

ఆయన పద్ధతి తప్పు కాదు. పరికరాలు కూడా నిజమే చెప్పాయి. అసలు చిక్కు అదే. ఆ వారం ఒత్తిడి ముల్లు కిందికి జారింది, గుడ్డ గొట్టం పడమటి నుంచి నిండింది. రేపు వాన పడవచ్చని మాస్టారు పిల్లలకు చెప్పారు. నెలల తరబడి ఆకాశం పొడిగా ఉంది. ఊళ్ళో గోడలకు వాడే మట్టి ఇటుకలు ఎండకు ఆరబెట్టి ఉన్నాయి. సీదీ దగ్గర చెప్పారట అని పిల్లలు ఇళ్ళలో అన్నారు. ఇజ్జా కొడుకు నవ్వుతూనే తల్లి పోరు పడలేక తన ఇటుకల మీద తాటిచాపలు కప్పాడు. తెల్లవారేసరికి వాన పడింది. పొరుగువాడి ఇటుకలు మెత్తని మట్టిగా నేలకు తిరిగి వెళ్ళాయి. వైజ్ఞానిక పద్ధతి అంత స్పష్టంగా గెలిచిన రోజు తిమ్‌గీన్ చరిత్రలో లేదు. ఆ గెలుపు ఎవరి ఖాతాలో పడిందో చెప్పనవసరం లేదు.

అప్పటి నుంచి మధ్యాహ్నాలు మారిపోయాయి. పిల్లలు తరగతులకు వెళ్ళాక ఆడవాళ్ళు వచ్చి గోడనీడన కూర్చునేవారు. తేనెటీగల రొద, రాలే రేకులు, వెచ్చని ఇసుక, దూరాన ఎవరిదో సన్నికల్లు. కూర్చున్నవారి తలలు వాలిపోయేవి. దర్గా దగ్గర పడిన కునుకులో వచ్చే కలకు ఆ లోయలో ఎంత విలువో అందరికీ తెలుసు. మొదటి కల ఇజ్జాది. పొడుగాటి సన్నని మనిషి, తెల్లని బట్టలు, ముఖం ఉండవలసినచోట వెలుగు. నడుస్తుంటే ఆయన నీడ ముందుగా వెళ్ళి దారి చూసి వస్తోంది. పేరడిగితే బూదిల్ అన్నారట, నీడలవారని. రెండో ఆమె కలలో సీదీ బూదిల్ సముద్రం అవతలి నుంచి వచ్చారు. మూడో ఆమె కలలో ఆయనకు మేకపాలంటే ఇష్టం. ఈ విధంగా ఆ వసంతంలో ఆయనకు ఒక జీవితం రేకు రేకుగా పూసింది.

ఒక మధ్యాహ్నం మాస్టారు కూడా చెక్కగది పక్కన కూర్చుని కునుకు తీశారు. పొడుగాటి సన్నని మనిషి వచ్చి, మర్యాదగా, టైమెంతైందని అడిగాడు. మేలుకున్నాక మాస్టారు చాలాసేపు నీడవైపు చూస్తూ ఉండిపోయారు. తరువాత ఆ రోజు పప్పు ఎక్కువ తిన్నానని నిర్ధారించుకుని, ఈ కల గురించి ఎవరికీ చెప్పలేదు.

ఆయన ఊరివారిని పిలిచి అంతా వివరించారు కూడా. భూమి తిరుగుతుందనీ, అందుకే నీడ కదులుతుందనీ, వసంతం ముదిరేకొద్దీ మధ్యాహ్నపు నీడ కురచబడుతుందనీ చెప్పారు. ఆడవాళ్ళు కదలకుండా, కొంగులు గడ్డం కింద పట్టుకుని విన్నారు. చివర ఇజ్జా లేచి, సీదీ గొప్పతనం ఇంత విడమరచి ఎవరూ చెప్పలేదని దీవించింది. మరునాటి నుంచి ఆయనను సందేహాలు అడగడం మొదలైంది. పసివాడికి విరేచనాలు ఆగడం లేదు, ఏం చెయ్యమంటారు? నీళ్ళు కాచి చల్లార్చి పట్టండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి అన్నారు మాస్టారు. ఇరవై ఏళ్ళుగా ఆయన ఇదే మాట గోడల మీద రాయిస్తున్నారు. అప్పుడు వినని ఊరు ఇప్పుడు పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. పసివాడు కోలుకున్నాడు. మాస్టారుకు సంతోషించాలో సిగ్గుపడాలో తెలియక నిద్ర పట్టలేదు.

లల్లా తూదాకు మాత్రం తన భయం ఏమిటో స్పష్టంగా తెలుసు. "దర్గా పెద్దగారూ, టీ తాగుతారా?" అని గ్లాసు ముందు పెట్టి, "వచ్చే తనిఖీ ఆయన కొవ్వొత్తులు చూశారంటే నన్ను ఎడారికి పంపిస్తారు, మీ దొడ్డిని లారీలకిస్తారు. ఏం చేస్తారో చెయ్యండి," అంది.

తనిఖీ రోజున మాస్టారు పొద్దుటే వచ్చి దారాలు, కొవ్వొత్తులు, చక్కెర అన్నీ తీసి ఒక గంపలో భద్రపరిచారు. డబ్బా కడిగారు. ఈ ఒక్కరోజూ ఎవరూ రావద్దని ఇజ్జాను ముందే బతిమాలారు. ఇసుక చదును చేసేసరికి దొడ్డి కొత్తగా కడిగిన పలకలా ఉంది.

తనిఖీ అధికారి సీ బూష్తా చేతులు వెనక్కి కట్టుకుని ఒక చుట్టు తిరిగారు. ఇలాంటి దొడ్లు ఆయన చాలా చూశారు. "బాగుంది," అన్నారు విచారంగా. "నేనొస్తున్నానని కట్టినవన్నీ ఇలాగే బాగుంటాయి. ఒక్క అడుగు గుర్తు కూడా లేదు, చూశారా? వాడేవాళ్ళు లేనప్పుడు లారీలైనా వాడుకుంటాయి కదండీ."

అడుగు గుర్తులన్నీ పొద్దున మాస్టారే చెరిపారు.

అప్పటికి పట్నం కారులో ఎవరో వచ్చి సీదీ చుట్టూ తిరుగుతున్నారన్న కబురు పొయ్యిదాకా వెళ్ళింది. మాట ఇచ్చిన ఇజ్జాకు మాటకంటే సీదీ ముఖ్యమనిపించింది. దొడ్డి తలుపు తెరుచుకుంది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే చెప్పులు విడిచి, మౌనంగా లోపలికి వచ్చి, వలయం చుట్టూ నిలబడ్డారు. నీడ కురచబడుతోంది. ఎవరూ దగ్గలేదు. మధ్యాహ్నమైంది. ఇజ్జా వెళ్ళి నీడ కొసన రాయి ఉంచింది. ఒకామె వాన డబ్బాలోకి తొంగిచూసింది, మరొకామె గుడ్డ గొట్టం ఎటు నిండిందో చూసి పక్కామెకు సైగ చేసింది. తనిఖీ అధికారి చేతులు వాటంతట అవే ముందుకు వచ్చాయి.

"అమ్మా, ఏం చేస్తున్నారు?" అని ఆయన గుసగుసగా అడిగారు.

"చూస్తున్నాం నాయనా. నిన్నటికంటే వెంట్రుకవాసి కురచయ్యింది."

"రోజూ వస్తారా?"

"రాకుండా ఎట్లా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ క్షణంలో మౌనంగా ఉంటే చాలునని ఇద్దిర్ మాస్టారుకు తెలుసు. దొడ్డి దక్కుతుంది, పిల్లలు నీడను చదువుతారు. కానీ రుజువు కానిదాన్ని రుజువుగా చూపించడం ఆయనకు చేతకాలేదు. గొంతు సవరించుకున్నారు.

"అయ్యా, వీళ్ళొచ్చింది శాస్త్రం కోసం కాదు. ఇక్కడెవరో సీదీ ఉన్నారని నమ్ముతున్నారు."

లల్లా తూదా కళ్ళు మూసుకుంది. సీ బూష్తా మాత్రం నొచ్చుకున్నట్టు చూశారు. "మీ మాస్టర్లందరిదీ ఇదే జబ్బండీ. చదువుకోని ఆడవాళ్ళు వెంట్రుకవాసి తేడా కనిపెడుతుంటే మెచ్చుకోలేరు, మూఢనమ్మకం అంటారు. కొంచెం జనాన్ని నమ్మండి." తరువాత ఆడవాళ్ళవైపు తిరిగి, ఇంత శ్రద్ధ మీకు ఎవరి వల్ల అబ్బిందని అడిగారు. సీదీ బూదిల్ వల్ల అని వారు ముక్తకంఠంతో చెప్పారు. పూర్వం ఈ లోయలో ఉన్న ఏ పండితుడో అనుకుని ఆయన ఆ పేరును గౌరవంగా జ్ఞాపకం పెట్టుకున్నారు.

నెల తిరగకముందే స్థలం బడిదేనని ఉత్తర్వు వచ్చింది. దానితోపాటు పట్నంలో రాయించిన పెద్ద బోర్డు కూడా వచ్చింది: సీదీ బూదిల్ ఆరుబయలు విజ్ఞాన ప్రాంగణం.

బోర్డు తిప్పి పంపాలని మాస్టారు పట్టుబట్టారు. పంపితే ఏమవుతుందని లల్లా తూదా అడిగింది. లారీలు వస్తాయని ఆయన ఒప్పుకున్నారు.

"మరి లారీ కింద నిజాన్ని పడుకోబెడతారా, సీ ఇద్దిర్?"

చాలా వాదన తరువాత ఒక ఒప్పందం కుదిరింది. బోర్డు ఉంటుంది, పేరు ఉంటుంది. దాని కింద ఒక్క నిజమైన వాక్యం మాస్టారు తన చేత్తో రాస్తారు. ఆయన నల్లరంగుతో, నాలుగో తరగతికి రాసేంత విడివిడి అక్షరాలతో రాశారు: ఇక్కడ ఎవరి సమాధీ లేదు.

బోర్డు నిలబెట్టిన మధ్యాహ్నం ఊరంతా వచ్చింది. చదువురాని అవ్వకు తాము ఆ వాక్యాన్ని గట్టిగా చదివి వినిపించింది. ఆకుపచ్చ గుడ్డ ఒకసారి నిండి మళ్ళీ వాలింది. ఇజ్జా ఆ మాటను మనసులో చాలాసేపు తిప్పి చూసుకుంది. తరువాత ఆమె ముఖం మెల్లగా వెలిగింది.

"సమాధి లేదంటే," అంది పక్కామెతో, "ఆయనింకా బతికే ఉన్నారన్నమాట."

ఇద్దిర్ మాస్టారు చేతికంటిన నల్లరంగు తుడుచుకుని తరగతికి వెళ్ళారు. ఆ రోజు పాఠం, రుజువు అంటే ఏమిటి.